ఉచితంగా వచ్చే ఉత్తరం: దాని వెల చెల్లించేదెవరు?

మన దేశంలో 2013 జూలై దాకా టెలిగ్రాం సేవ ఉండేది. తెలుగులో దాన్ని తంతివార్త అనేవారు. తంతి పంపాలంటే మాటల లెక్కన డబ్బు కట్టాలి. కాబట్టి కబుర్లకు అందులో చోటు లేదు. "మదర్ సీరియస్, స్టార్ట్ ఇమ్మీడియట్లీ" అని నాలుగు మాటల్లో ముగించేవారు. మీ తాతగారినో అమ్మమ్మగారినో అడగండి. తంతి అందగానే ఇంట్లోవాళ్ళ గుండె ఎలా దడదడలాడేదో చెబుతారు.

నేడు మీ ఇంట్లో ఫోను రోజుకు ఎన్నిసార్లు "టింగ్" మంటుందో లెక్కపెట్టారా? శుభోదయాలు, పెళ్ళి పిలుపులు, హోంవర్కు ఫొటోలు, అత్తయ్య అమెరికా నుండి పంపిన వీడియో. ఏ ఒక్కదానికీ మాట లెక్కన డబ్బు కట్టలేదు. మరి ఈ ఉత్తరాలు ఎలా వస్తున్నాయి? వీటిని మోసేవాడికి కూలి ఎవరిస్తున్నారు? మొదటి ప్రశ్న విజ్ఞాన శాస్త్రానిది, రెండోది వ్యాపారానిది. సమాధానాలు మాత్రం ఒకదానితో ఒకటి పెనవేసుకొని ఉన్నాయి. చూద్దాం రండి.

నూట అరవై అక్షరాల పెట్టె

ఫోనులో అక్షరాలు పంపడం ఎస్.ఎం.ఎస్.తో మొదలైంది. 1992 డిసెంబరు 3న బ్రిటన్‌లో నీల్ పాప్‌వర్త్ అనే ఇంజనీరు కంప్యూటరు నుండి ఒక సెల్‌ఫోనుకు క్రిస్మస్ శుభాకాంక్షలు పంపాడు. లోకంలో మొట్టమొదటి ఎస్.ఎం.ఎస్. అదే.

సెల్‌ఫోనుకూ టవరుకూ మధ్య మాటలు నడిచే దారి కాక, సంకేతాలు నడిచే సన్నని దారి మరొకటి ఉంటుంది. "నేనిక్కడే ఉన్నాను" అని ఫోను టవరుకు చెప్పుకునేదీ, "నీకు పిలుపు వచ్చింది, గంట మోగించు" అని టవరు ఫోనుకు చెప్పేదీ ఈ దారిలోనే. చాలాసేపు ఇది ఖాళీగానే ఉంటుంది. ఆ ఖాళీలో చిన్న చిన్న సందేశాలు ఎందుకు పంపకూడదు అని ఇంజనీర్లు ఆలోచించారు. కానీ దారి ఇరుకు కనుక ఒక్కొక్క సందేశానికి 1120 బిట్లకు మించి చోటు దొరకలేదు. బిట్ అంటే 0 లేక 1. ఒక ఇంగ్లీషు అక్షరానికి 7 బిట్లు చాలు. 1120ని 7తో భాగించండి. 160 వచ్చింది కదూ!

ఆ 160 అక్షరాలు మనిషికి సరిపోతాయా? 1985లో పశ్చిమ జర్మనీలోని బాన్ నగరంలో ఫ్రీడ్‌హెల్మ్ హిల్లెబ్రాండ్ అనే ఇంజనీరు టైపు మిషను ముందు కూర్చొని, తోచిన వాక్యాలు రాసి అక్షరాలు లెక్కపెట్టాడు. పోస్టుకార్డుల మీద జనం రాసే విషయం చాలావరకు 150 అక్షరాల లోపే ఉంటుందని కూడా గమనించాడు. చివరకు, సరిపోతాయని తేల్చాడు.

ఇంగ్లీషుకు సరే, మన తెలుగుకో? తెలుగు గుర్తులు ఆ 7 బిట్ల పట్టికలో లేవు. అందువల్ల ఒక్కొక్క గుర్తుకు 16 బిట్లు కావాలి. 1120ని 16తో భాగిస్తే వచ్చేది 70 మాత్రమే. పైగా గుణింతాలూ ఒత్తులూ విడివిడిగా లెక్కకు వస్తాయి. "స్త్రీ" మన కంటికి ఒక్క అక్షరం, యంత్రానికి ఆరు గుర్తులు. "పరీక్ష వాయిదా పడింది" అన్న వాక్యంలో మనకు కనిపించే అక్షరాలు 9, ఖాళీలతో కలిపి యంత్రం లెక్కపెట్టేవి 20! అందుకే చాలామంది తెలుగు మాటల్ని ఇంగ్లీషు అక్షరాల్లో రాయడానికి అలవాటుపడ్డారు.

పెట్టె బద్దలైంది

వాట్సాప్ వంటి యాప్‌లు ఆ సన్నని దారిని వదిలి ఇంటర్నెట్ అనే రాజమార్గం పట్టాయి. ఇక్కడ అక్షరాలకు లెక్క లేదు, బైట్లకే లెక్క. ఎనిమిది బిట్లు ఒక బైటు. ఇంటర్నెట్‌లో సాధారణంగా ఒక తెలుగు గుర్తుకు 3 బైట్లు పడతాయి. వంద గుర్తుల ఉత్తరానికి 300 బైట్లు. చిరునామా, తాళం వగైరా అదనపు బరువు కలుపుకొని వెయ్యి బైట్లే అనుకుందాం. ఒక జీబీ అంటే సుమారు 100 కోట్ల బైట్లు. కాబట్టి ఒక్క జీబీలో 10 లక్షల ఉత్తరాలు పంపవచ్చు. ఒక ఉత్తరానికి ఎంత పడిందో మీ ఇంటి రీఛార్జి ధరను బట్టి మీరే లెక్క కట్టండి. పైసాలో ఎన్నో వంతు కూడా కాదని తెలుస్తుంది. 2016 సెప్టెంబరులో జియో రంగంలోకి వచ్చాక మన దేశంలో డేటా ధరలు బాగా పడిపోయాయి. యాప్‌లు పల్లెపల్లెకూ చేరడానికి అదొక పెద్ద కారణం.

వాట్సాప్‌ను 2009లో జాన్ కౌమ్, బ్రయాన్ ఆక్టన్ అనే ఇద్దరు అమెరికాలో స్థాపించారు. ఇద్దరూ అంతకుముందు యాహూ కంపెనీలో పనిచేసినవారు. కౌమ్ ఉక్రెయిన్‌లో పుట్టి, పదహారో ఏట తల్లితో అమెరికా చేరాడు. వారు చేసిన తెలివైన పని ఒకటుంది. కొత్త పేరు, సంకేతపదం వంటి తతంగమేమీ పెట్టకుండా ఫోను నంబరునే చిరునామాగా తీసుకున్నారు. మీ ఫోనులో దాచుకున్న నంబర్ల పట్టికే మీ స్నేహితుల జాబితా అయిపోయింది.

ఇతర దేశాల్లోనూ ఇదే కాలంలో ఇటువంటివి పుట్టాయి. కొరియాలో 2010లో కకావోటాక్, చైనాలో 2011లో వీచాట్ వచ్చాయి. 2011 మార్చిలో భూకంపం, సునామీ జపానును కుదిపేశాయి. ఆ తర్వాత మూడు నెలలకు, జూన్‌లో, అక్కడ లైన్ అనే యాప్ మొదలైంది.

ఎందుకంత వేగంగా పెరిగింది?

మీ తరగతిలో ఇద్దరి దగ్గర మాత్రమే ఫోన్లుంటే ఎన్ని జతలు మాట్లాడుకోగలవు? ఒక్కటే. పదిమందికి ఉంటే? ఒక్కొక్కరు మిగిలిన తొమ్మిదిమందితో మాట్లాడవచ్చు. 10ని 9తో గుణించి, ప్రతి జతా రెండుసార్లు లెక్కకు వచ్చింది కనుక 2తో భాగించాలి. 45 జతలు. 40 మందికైతే 780. 80 మందికైతే 3160. చూశారా! మనుషులు రెట్టింపైతే సంబంధాలు నాలుగు రెట్లకు పైగా పెరిగాయి. ఒక వ్యవస్థ విలువ దానిలోని సభ్యుల సంఖ్య వర్గంతో పాటు పెరుగుతుందనే ఈ సూత్రాన్ని అమెరికన్ ఇంజనీరు రాబర్ట్ మెట్‌కాఫ్ పేరుతో పిలుస్తారు.

దీనివల్ల ఒక చిక్కు ఉంది. అందరూ ఎక్కడుంటే అక్కడికే కొత్తవాడూ వెళతాడు. ముందు నిండిన పడవే ఇంకా నిండుతుంది. మన దేశంలో 2012 డిసెంబరులో మొదలైన హైక్ అనే యాప్ 2021 జనవరిలో మూతపడింది. వాట్సాప్‌కు 2014 ఫిబ్రవరిలో 45 కోట్లమంది ఉండగా, 2020లో 200 కోట్లు దాటారు. 2025లో 300 కోట్లు దాటారని దాని యజమాని కంపెనీ మెటా ప్రకటించింది.

2014లో ఒక వింత జరిగింది. ఆనాడు ఫేస్‌బుక్ అని పిలిచే అదే కంపెనీ, వాట్సాప్‌ను 1900 కోట్ల డాలర్లకు కొంటున్నట్లు ప్రకటించింది. అప్పుడు వాట్సాప్‌లో పనిచేసేవారు 55 మంది! 1900 కోట్లను 45 కోట్లతో భాగించండి. ఒక్కొక్క వినియోగదారుడికి 42 డాలర్లు. కానీ వినియోగదారుడు చెల్లించవలసింది ఏడాదికి ఒక్క డాలరు. అదీ చాలామంది చెల్లించేవారు కాదు. 2016లో దాన్ని కూడా ఎత్తివేశారు. అటువంటప్పుడు తలకు 42 డాలర్లు పోసి ఎందుకు కొన్నట్లు?

ఇక్కడే మన రెండో ప్రశ్న మొదలవుతుంది.

పచ్చళ్ళ అత్తయ్యగారి లెక్క

మీ వీధిలో పచ్చళ్ళు పెట్టి అమ్మే అత్తయ్యగారు ఒకరున్నారనుకుందాం. కొత్త ఆవకాయ వచ్చిందని జనానికి తెలియాలి. వెయ్యి కరపత్రాలు అచ్చువేయించి పంచితే, ఎందరు చదివారో, ఎందరు వాటిలో పకోడీలు పొట్లం కట్టుకున్నారో ఆవిడకు తెలియదు. అదే యాప్‌లో, తన దగ్గర కొన్నవారికే కబురు పంపవచ్చు. ఎవరికి అందిందో, ఎవరు చదివారో టిక్కు గుర్తులే చెబుతాయి. చదివినవారు అక్కడే "అరకిలో పంపండి" అని రాయవచ్చు, యు.పి.ఐ. ద్వారా డబ్బు కట్టవచ్చు. కరపత్రం, కొట్టు, గల్లాపెట్టె మూడూ ఒకే చోట! 2018 జనవరిలో వాట్సాప్ ఇటువంటి చిన్న వ్యాపారుల కోసం వేరే యాప్ విడుదల చేసింది. అది ఉచితమే.

పెద్ద కంపెనీల సంగతి వేరు. బ్యాంకులు, విమాన సంస్థలు, పెద్ద దుకాణాలు లక్షలమందికి ఒకేసారి పంపే సందేశాలకు వాట్సాప్ రుసుము వసూలు చేస్తుంది. 2025 జూన్‌లో "అప్‌డేట్స్" అనే పుటలో ప్రకటనలు కూడా చూపబోతున్నామని చెప్పింది. జపానులో లైన్ బొమ్మల స్టిక్కర్లు అమ్మి సంపాదించింది. చైనాలో వీచాట్ డబ్బు చెల్లింపులకూ, కొనుగోళ్ళకూ ద్వారమైంది. ప్రభుత్వాలూ ఈ దారి పట్టాయి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2025 జనవరి 30న "మన మిత్ర" పేరుతో 161 సేవలను వాట్సాప్‌లోకి తెచ్చింది.

ఇప్పుడు అర్థమైంది కదా! ఉత్తరం మనకు ఉచితం. ఆ కూలి చెల్లించేది మన చూపు కోసం పోటీపడే వ్యాపారి. అతడు ఆ ఖర్చును సరుకు ధరలో కలుపుకుంటాడు. అంటే చుట్టూ తిరిగి చివరకు చెల్లించేది కొనుగోలుదారుడే.

కవరు లోపల, కవరు పైన

"మరి మా ఉత్తరాలు కంపెనీ చదువుతుందా?" అని మీరడగవచ్చు. మామూలు సందేశాలను చదవలేదు. 2016 ఏప్రిల్ నుండి వాట్సాప్ సందేశాలు పంపేవారి ఫోనులో తాళం పడి, అందుకునేవారి ఫోనులోనే తెరుచుకుంటున్నాయి. దూరదూరాన ఉన్న ఇద్దరు, నలుగురి ముందే మాట్లాడుకుంటూ రహస్య తాళంచెవి ఎలా తయారుచేసుకోగలరు? ఈ ఉపాయాన్ని 1976లో విట్‌ఫీల్డ్ డిఫీ, మార్టిన్ హెల్మన్ ప్రకటించారు. పెన్సిలు తీసుకోండి, చేసి చూద్దాం.

రాము రహస్య సంఖ్య 2, సీత రహస్య సంఖ్య 4. వీటిని ఎవరికీ చెప్పరు. 3, 17 అనే సంఖ్యలు మాత్రం అందరికీ తెలుసు. రాము 3ను 2వ ఘాతానికి పెంచి 17తో భాగిస్తాడు. శేషం 9. సీత 3ను 4వ ఘాతానికి పెంచి, 81ని 17తో భాగిస్తుంది. శేషం 13. ఈ 9నీ 13నీ బహిరంగంగా ఇచ్చిపుచ్చుకుంటారు. ఇప్పుడు రాము 13ను తన 2వ ఘాతానికి పెంచి, 169ని 17తో భాగిస్తే శేషం 16. సీత 9ని తన 4వ ఘాతానికి పెంచి, 6561ని 17తో భాగిస్తే శేషం 16! ఇద్దరికీ ఒకే తాళంచెవి దొరికింది, కానీ దాన్ని ఎవరూ ఎవరికీ పంపలేదు. యాప్‌లు వాడే పద్ధతి ఈ ఊహ నుండి పెరిగినదే. వాటి సంఖ్యలు మాత్రం ఎంతో పెద్దవి. అంత పెద్ద సంఖ్యలైతే, బహిరంగంగా ఇచ్చిపుచ్చుకున్నవి విన్నవాడు తాళంచెవిని కనుక్కోవాలంటే యుగాలు పడుతుంది.

ఇది కవరు లోపలి సంగతి. కవరు పైన ఉన్నది వేరు. ఎవరు, ఎవరికి, ఎప్పుడు, ఎన్నిసార్లు పంపారన్నది తాళం కింద దాగదు. పోస్టుమాన్ ఉత్తరం విప్పకపోయినా, మీ ఇంటికి ఏ ఊరి నుండి ఎన్ని వస్తున్నాయో చెప్పగలడు కదా! ఇక మీరు ఒక దుకాణానికి రాస్తే, అవతల తాళం తీసేది ఆ దుకాణమే. మీరు రాసింది దాని పుస్తకాల్లో చేరుతుంది.

ఈ సమాచారం విషయంలో మన దేశంలో వివాదం కూడా నడిచింది. 2021లో వాట్సాప్ తెచ్చిన కొత్త షరతులు న్యాయంగా లేవని కాంపిటీషన్ కమిషన్ 2024 నవంబరులో మెటాకు 213 కోట్ల రూపాయల పైచిలుకు జరిమానా వేసింది. కంపెనీ దానిపై అప్పీలుకు వెళ్ళింది. మీకు నేరుగా సంబంధించిన చట్టం మరొకటి ఉంది. పార్లమెంటు 2023లో చేసిన డిజిటల్ వ్యక్తిగత సమాచార చట్టం ప్రకారం, 18 ఏళ్ళలోపు పిల్లల కదలికలను కనిపెట్టి, వారికి గురిపెట్టి ప్రకటనలు పంపడం కూడదు. దీని నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి. దశలవారీగా అమలులోకి వచ్చేలా వాటిని రూపొందించారు.

అయిదు అయిదులు

ఆవకాయ కబురును వేగంగా మోసిన దారే అబద్ధాన్నీ అంతే వేగంగా మోస్తుంది. ఒకరు 20 మందికి, ఆ 20 మందీ తలా 20 మందికి, ఇలా అయిదు మెట్లు సాగితే 32 లక్షల మంది. అదే తలా అయిదుగురికే అయితే 3125 మంది. 2018లో, పిల్లల్ని ఎత్తుకుపోయేవారు తిరుగుతున్నారన్న వదంతులు ఫోన్లలో పాకి, మన దేశంలో ఎందరో అమాయకుల ప్రాణాలు తీశాయి. ఆ జూలైలో కర్ణాటకలోని బీదర్ జిల్లాకు వెళ్ళిన హైదరాబాదు యువకుడొకరు, తన స్నేహితుల బృందం పిల్లలకు చాక్లెట్లు ఇచ్చిన పాపానికి, గుంపు చేతిలో బలయ్యాడు. ఆ నెలలోనే వాట్సాప్ మన దేశంలో ఒక సందేశాన్ని ఒకేసారి అయిదు చోట్లకు మించి పంపకుండా హద్దు పెట్టింది. చేతులు మారి మారి వచ్చిన సందేశానికైతే 2020 ఏప్రిల్ నుండి ఒక్క చోటే.

యంత్రం పెట్టిన హద్దు అయిదు. మీరు పెట్టుకోగల హద్దు సున్నా. నిజమో కాదో తెలియని సందేశం మీ దగ్గర ఆగిపోతే, మీ వెనుక ఉన్న మెట్లన్నీ ఆగిపోయినట్లే. బహుమతి వచ్చిందనీ, ఖాతా ఆగిపోయిందనీ, వెంటనే ఈ లింకు నొక్కమనీ వచ్చేవాటిని నొక్కకండి. ఇంట్లో ఎవరైనా మోసపోయి డబ్బు పోగొట్టుకుంటే క్షణం ఆలస్యం చేయకుండా 1930 నంబరుకు ఫోను చేయించండి. ఎంత త్వరగా చెబితే, ఆ డబ్బును దారిలో ఆపే అవకాశం అంత ఎక్కువ.

మీరు చేయవలసిన పని

ఇంట్లో పెద్దల అనుమతితో, ఒక వారం రోజులు వారి ఫోనుకు వచ్చే సందేశాలను లెక్కపెట్టండి. ఉత్తరాలు చదవనక్కరలేదు, పంపినవారిని చూస్తే చాలు. నోటుపుస్తకంలో నాలుగు గడులు గీయండి: బంధుమిత్రులు, వ్యాపారులు, ప్రభుత్వం, తెలియనివారు. మామూలు ఎస్.ఎం.ఎస్.లను గుర్తించడం ఇంకా సులువు. 2025 నుండి, సంస్థలు పంపే సందేశాల్లో పంపినవారి పేరు చివర ఒక ఇంగ్లీషు అక్షరం ఉంటోంది. "పి" అంటే ప్రచారం, "ఎస్" అంటే సేవ, "టి" అంటే లావాదేవీ, "జి" అంటే ప్రభుత్వం.

వారం చివర మొత్తాలు కూడి, శాతాలు కట్టి, కమ్మీల పటం గీయండి. ప్రతి గడి పక్కనా "దీనికి కూలి ఎవరిచ్చారు?" అన్న ప్రశ్నకు మీ సమాధానం రాయండి. తరగతిలో అందరి పటాలూ గోడకు వరుసగా అంటించి, ఏ ఇంటికి ఎవరి ఉత్తరాలు ఎక్కువ వస్తున్నాయో చర్చించండి.