నూరువరహాల ఆకులు ఎందుకు పాలిపోతాయి?

కోనసీమ పెరళ్లలో ఎర్రటి గుత్తులతో కళకళలాడే పొద నూరువరహాలు. దక్షిణ భారతం, శ్రీలంక దీని సొంత నేలలు. కాఫీ మొక్కది, దీనిది ఒకే కుటుంబం!

గుత్తిలో ఒక్కో పువ్వుకు సన్నటి గొట్టం, దాని చివర నాలుగు రేకలు ఉంటాయి. తేనె గొట్టం అడుగున దాగి ఉంటుంది. పొడవాటి తొండం ఉన్న సీతాకోకచిలుకలకు అది సులువుగా అందుతుంది.

కొన్ని మొక్కల్లో ఈనెలు పచ్చగా ఉన్నా లేత ఆకులు పసుపు రంగుకు తిరుగుతాయి. ఎందుకు? సాధారణంగా ఇనుము అందక. ఈ పొదకు కాస్త ఆమ్లగుణం ఉన్న మట్టి కావాలి. సున్నం, సిమెంటు రాలి కలిసిన చోట మట్టిలో క్షారగుణం పెరుగుతుంది. అప్పుడు ఇనుము ఉన్నా వేళ్లు పీల్చుకోలేవు. అందుకే గోడకు ఆనించి నాటకూడదు. మొదట్లో బాగా చివికిన ఆకుల ఎరువు వేయాలి.

పూలు ఎక్కువ పూయించడం ఎలా? గుత్తులు కొమ్మల చివరే వస్తాయి. పూత అయ్యాక చివర్లు కత్తిరిస్తే పక్క కొమ్మలు పుడతాయి, గుత్తులూ పెరుగుతాయి. దట్టమైన కొబ్బరి నీడలో పూత తగ్గుతుంది కాబట్టి ఎండ తగిలే చోటు ఎంచుకోవాలి. గోదావరి పల్లపు నేలలో వానాకాలం నీరు నిలుస్తుంది, వేళ్లు కుళ్లుతాయి. మట్టి ఎత్తుగా పోసి నాటడం మేలు.

కొత్త మొక్క కావాలా? పక్క జిల్లాలోని కడియం నర్సరీల దాకా వెళ్లక్కర్లేదు. వానాకాలంలో జానెడు కొమ్మ కత్తిరించి, కింది ఆకులు తీసేసి, ఇసుక కలిపిన మట్టిలో నీడన గుచ్చండి. తడి ఆరనివ్వకండి. ఈ వానలకే ప్రయత్నించండి!