సువాసన కొవ్వొత్తికి సోయా మైనము

కొవ్వొత్తి యను మాట మనకు మిక్కిలి పరిచితమైనదే గాని దాని అర్థమును మనమంతగా తలపోయము. కొవ్వుతో చేసిన వత్తి కొవ్వొత్తి. ఒకప్పుడు పాశ్చాత్య దేశములలో పశువుల కొవ్వును కరగించి వత్తులు చేసెడివారు. పందొమ్మిదవ శతాబ్దిలో పారఫిన్ మైనము వచ్చి ఆ కొవ్వును వెనుకకు నెట్టినది. మన భాషలో మాట మాత్రము నిలిచినది. ఇటీవల గాజుపాత్రలలో పోసి, పరిమళము కలిపి, ఇండ్లలోనే తయారుచేయుచున్న సోయా కొవ్వొత్తికి ఆ పాత పేరు మరల సార్థకమైనది. ఏలన సోయా మైనము పేరునకే మైనము. నిజమునకది గట్టిపరచిన నూనె.

వనస్పతి డబ్బాను ఎరిగిన గృహిణికి దీని పుట్టుకను చెప్పుట సులభము. నూనెను వేడిచేసి, నికెలు పొడి సన్నిధిలో హైడ్రోజను వాయువును దానిలోనికి పంపినచో నూనె గట్టిపడును. 1902లో జర్మనీ దేశీయుడైన విల్హెల్మ్ నార్మన్ ఈ పద్ధతికి పేటెంటు పొందెను. మన దేశమున వనస్పతి పరిశ్రమ పెరిగిన తొలి దశాబ్దములలో దానికి ముఖ్యమైన ముడిసరకు వేరుసెనగ నూనె, అనగా చిత్తూరు, అనంతపురము మెట్టపొలములలో పండు పంటయే. 1990 తరువాతి సంవత్సరములలో అమెరికాలో ఇదే పనిని సోయా చిక్కుడు నూనెపై చేసి, కొవ్వొత్తులకు అనువైన పదార్థమును రూపొందించిరి. హైడ్రోజను ఎంత ఎక్కువగా చేరిన నూనె అంత గట్టిపడును. కావున ఒకే సోయా నూనె నుండి అరచేతి వేడికి మెత్తబడునదియు, 65 డిగ్రీలు దాటినగాని కరగనిదియు తయారుచేయవచ్చును. అంగడికి పోయి "సోయా మైనము ఇమ్ము" అని మాత్రమే అడుగుట, రకము చెప్పక "బియ్యము ఇమ్ము" అని అడుగుటవంటిది.

పాత్రలో పోయుటకు ఒక రకము, అచ్చులో పోసి బయటికి తీయుటకు మరియొక రకము కలవు. మనకు కావలసినది మొదటిది. ఇది మెత్తనిది, గాజును బాగుగా అంటియుండును. దీని కరగు వేడిమి సాధారణముగా 45 మొదలు 52 డిగ్రీల సెంటిగ్రేడు వరకు ఉండును. ఆ సంఖ్యను అమ్మకందారు ఇచ్చు కాగితముపై చూడవలెను. కాగితము లేని సరకును, ఎంత చౌకయైనను, కొనవద్దనియే మా సలహా.

ఈ సంఖ్యకు ఇంత ప్రాధాన్యమేల? కొబ్బరినూనెను జ్ఞాపకము చేసికొందము. అది సుమారు 24 డిగ్రీల వద్ద పేరుకొనును. చలికాలపు ఉదయమున మదనపల్లెలో గడ్డకట్టిన నూనె సీసాను ఎండలో పెట్టుట వింతకాదు. వేసవిలో తిరుపతిలో ఆ సీసా నడిరేయియు నీరువలె కదలును. చల్లని దేశములవారు వ్రాసిన కొవ్వొత్తుల పుస్తకములన్నియు 20, 25 డిగ్రీల గదిని దృష్టిలో నుంచుకొని వ్రాసినవి. తిరుపతిలో మే మాసపు పగటి వేడి 40 డిగ్రీలు దాటుట సామాన్యము. రేకుల కప్పు క్రింద, మూసిన వాహనములో, బస్సుపై వేసిన పార్శెలులో అది ఇంకను హెచ్చును. 46 డిగ్రీలకు కరగు మైనము 46 వరకు రాయివలె ఉండి, పిదప ఒక్కసారిగా కరగదు. అంతకు చాల ముందే మెత్తబడును; కలిపిన సుగంధ తైలము పైకి చెమర్చును; వత్తి ఒరిగిపోవును. అట్టి వత్తి వెలిగించినప్పుడు మంట గాజును తాకి పాత్ర పగులవచ్చును. నష్టము అందముతో ఆగదు.

కావున వేసవిలో అమ్మదలచినవారు 50 డిగ్రీలకు లోబడిన రకమును ఈ ప్రాంతమున వాడకుండుట మేలు. దీపావళికి, క్రిస్మసుకు చేసి వెంటనే వెలిగించువారికి 46 చాలును. అయితే బహుమతిగా ఇచ్చిన కొవ్వొత్తి వెలుగక, అలమరలో ముచ్చటగా నిలిచి వేసవిని చూచుట మన యిండ్లలో కద్దు. మరీ గట్టి మైనమును ఎంచుటయు తగదు. అది వత్తి చుట్టు మాత్రమే కరగి బావివలె లోతు పడును. అంచున మైనము మిగిలిపోవును. పరిమళము గదిలో వ్యాపింపదు.

కేవలము సోయాయా, మిశ్రమమా యని కూడ అడుగవలెను. కొబ్బరినూనె చేరిన మిశ్రమము నునుపుగా నుండును గాని మన ఎండకు ఆగదు. పారఫిన్ చేరినది, ఆ మాట దాచనంత వరకు, దోషము కాదు. సోయా కొవ్వొత్తి పొగయే విడువదను ప్రచారమును మాత్రము నమ్మనక్కరలేదు. వత్తి పొడవైనచో ఏ కొవ్వొత్తియైనను మసి కక్కును. ప్రతిసారి వెలిగించుటకు ముందు పావు అంగుళమునకు కత్తిరించవలెను. కొన్నాళ్లకు పైన తెల్లని మంచుపొర వంటిది కనబడిన భయపడనక్కరలేదు. కొవ్వు స్ఫటికములు ఏర్పడుటచే అట్లగును, సోయాకది స్వభావము.

మొదట అర కిలో మాత్రము కొని రెండు చిన్న పాత్రలలో పోయుడు. ఒకదానిని మిద్దెగదిలో అద్దుడు కాగితముపై బోర్లించి, మూడు మధ్యాహ్నములు విడువుడు. కాగితమునకు నూనె అంటినచో ఆ రకము మన ఊరికి పనికిరాదు. రెండవదానిని పది, పదునైదు దినములు కదపక యుంచి వెలిగింపుడు. సోయాలో పరిమళము స్థిరపడుటకు ఆపాటి గడువు కావలెను.

పరిమళము 100 గ్రాముల మైనమునకు 6 మొదలు 8 గ్రాములు చాలును. కొవ్వొత్తులకని తయారైన తైలమునే వాడవలెను. పన్నీరు నీటితో కూడినది, మైనముతో కలియదు. కర్పూరము త్వరగా ఆవిరియై మండునది. దానిని ఇందులో వేయరాదు. శేషాచలపు అడవులలోని ఎర్రచందనమును కలిపిన చందనపు వాసన వచ్చునని కొందరు భ్రమింతురు. ఆ చెట్టు రంగునకే గాని వాసనకు కాదు, శ్రీగంధము వేరు.

మైనమును నేరుగా మంటపై పెట్టక, నీరున్న గిన్నెలో మరొక గిన్నె నుంచి కరగింపుడు. అంటుకొనినచో నీరు చల్లరాదు. స్టవ్వు ఆర్పి మూత వేయవలెను. పోయుటకు వేడికి ఆగు మందపు గాజు మంచిది. సాదా మట్టి ప్రమిద మైనమును పీల్చుకొనును. కొబ్బరి చిప్ప చూచుటకు సొంపుగా నుండును గాని తానే మండును. దానిని విడిచిపెట్టుడు.