తాతయ్య కాగితాలు

పిల్లలూ, ధహ్రాన్‌లో శుక్రవారం సెలవు కదా! ఊళ్లో ఉన్న తాతయ్యతో ఫోన్‌లో మాట్లాడే రోజు. మీ తాతయ్య ఒకప్పుడు సైనికుడు అనుకుందాం. ఒక శుక్రవారం ఆయన ఇలా అన్నారు:

"వైకల్య పెన్షన్‌కి అర్జీ పెట్టానమ్మా. కుదరదని ఉత్తరం వచ్చింది. సాక్ష్యం చాలదట."

"అయితే ఇక అంతేనా తాతయ్యా?"

అంతే కాదు. ఎందుకో చూద్దాం.

వైకల్య పెన్షన్ అంటే ఏమిటి?
సైన్యంలో పని చేస్తుండగా దెబ్బ తగిలినా, ఆ పని వల్ల జబ్బు చేసినా ప్రభుత్వం నెలనెలా ఇచ్చే డబ్బు ఇది. వైకల్యం ఎంత శాతమో మిలిటరీ డాక్టర్ల బోర్డు రాస్తుంది. అది సైన్యంలో పని వల్ల వచ్చిందా, కాదా అన్నదీ రాస్తుంది. చిక్కు ఇక్కడే వస్తుంది.

ఒక నిజమైన కథ
ధరమ్‌వీర్ సింగ్ 1985లో సైన్యంలో చేరారు. తర్వాత ఆయనకు మూర్ఛ జబ్బు వచ్చింది. 1994లో ఇంటికి పంపేశారు. ఆ జబ్బు పని వల్ల రాలేదని బోర్డు రాసింది. పెన్షన్ రాలేదు. ఆయన ఊరుకోలేదు, కోర్టుకి వెళ్లారు. 2013లో సుప్రీంకోర్టు ఆయన వైపే తీర్పు ఇచ్చింది. ఎందుకంటే, ఆయన చేరిననాటి కాగితాల్లో ఏ జబ్బూ రాసి లేదు. బోర్డు కూడా సరైన కారణం చెప్పలేదు. చూశారా, పాత కాగితం ఎంత పని చేసిందో!

తాతయ్య ఏం చేయాలి?
1. ఉత్తరం మళ్లీ చదవాలి. ఎందుకు కాదన్నారో ఆ వాక్యం కింద గీత గీయాలి.
2. ఆ కారణానికి జవాబు చెప్పే కాగితం వెతకాలి: డిశ్చార్జి బుక్కు, ఆస్పత్రి చీటీలు, దెబ్బ తగిలిననాటి రిపోర్టు. లేకపోతే 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద అడగవచ్చు.
3. ఆరు నెలల్లోగా మొదటి అప్పీలు పంపాలి. అక్కడా కాదంటే రెండో అప్పీలు ఉంది. ఆ తర్వాత సాయుధ దళాల ట్రిబ్యునల్ ఉంది. తెలుగువాళ్లకు దగ్గరి బెంచి చెన్నైలో ఉంది.

2023లో కొత్త నియమాలు వచ్చాయి. అందుకే తాతయ్య ఏ సంవత్సరం రిటైరయ్యారో చెప్పి, జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో సలహా అడగాలి. అసలు కాగితాలు ఇంట్లోనే దాచుకుని, జిరాక్సులు ఇవ్వాలి.

మీరేం చేయగలరు?
తాతయ్య ఫోటోలు తీసి పంపిన కాగితాల్లో తేదీలు చదవండి. చేరిన రోజు, దెబ్బ తగిలిన రోజు, ఆస్పత్రిలో ఉన్న రోజులు, రిటైరైన రోజు వరుసగా రాసి పంపండి. ఇంత దూరం నుంచి కూడా మీరు చేయగల సాయం ఇది.

కొత్త మాటలు
అర్జీ: ఏదైనా కావాలని ఆఫీసుకి రాసే ఉత్తరం
సాక్ష్యం: ఒక మాట నిజమని చూపించేది
అప్పీలు: "మళ్లీ చూడండి" అని పై అధికారుల్ని అడగడం

రాయండి: "కాదు" అని ఉత్తరం వస్తే మొదట ఏం చేయాలి? రెండు వాక్యాల్లో చెప్పండి.