పేర్లు పుట్టించే ప్రోగ్రాము

కంప్యూటర్ భాషల్లో చాలావాటికి వేరియబుల్ పేరు మనిషి పెట్టాల్సిందే. ఆ పని కూడా ప్రోగ్రాముకే అప్పగించవచ్చని లిస్ప్ వాడేవాళ్లకు దశాబ్దాలుగా తెలుసు. అందుకు వాళ్లు వాడే సాధనం మాక్రో. దాని పుట్టుకకు దారి వేసింది మాత్రం ఎవరూ అనుకోని ఒక మలుపు.

జాన్ మెకార్తీ 1958లో ఎంఐటీలో లిస్ప్ పని మొదలుపెట్టారు. 1960లో అచ్చయిన ఆయన పత్రంలో ఇవాల్ అనే ఫంక్షన్ ఉంది. లిస్ప్‌లో రాసిన దేన్నిచ్చినా దాని విలువ కట్టగలదు. మెకార్తీ దృష్టిలో అది చదువుకోవడానికే తప్ప యంత్రం మీద నడపడానికి కాదు. ఆయన సహచరుడు స్టీవ్ రసెల్ ఆ మాట వినకుండా దాన్ని చేత్తోనే ఐబీఎం 704 యంత్రభాషలోకి మార్చేశారు. అది నడిచింది. గణితంలా కనిపించే మరో రాతపద్ధతి తర్వాత తేవాలన్న ఆలోచన అలాగే వెనకబడిపోయి, బ్రాకెట్లలో రాసే జాబితాలే స్థిరపడ్డాయి. ప్రోగ్రాము జాబితా, ప్రోగ్రాము పనిచేసే సమాచారమూ జాబితాయే. అందులోని పేర్లు కూడా సమాచారమే. ఇక ఒక ప్రోగ్రాము మరో ప్రోగ్రామును కూర్చడానికి అడ్డేముంది?

1963 అక్టోబరులో తిమోతీ హార్ట్ ఎంఐటీలో ఒక చిన్న నివేదిక రాసి, లిస్ప్‌కు మాక్రోలు కావాలని ప్రతిపాదించారు. అంతకు ముందు ఏడాదే మైక్ లెవిన్‌తో కలిసి లిస్ప్ కంపైలర్‌ను లిస్ప్‌లోనే రాసిన మనిషి ఆయన. మాక్రో తనకిచ్చిన జాబితా విలువ కట్టదు. దాన్ని ఉన్నదున్నట్టుగా అందుకుని మరో జాబితా తయారుచేసి ఇస్తుంది. కంపైలర్ ఆ రెండోదాన్నే అసలు ప్రోగ్రాముగా తీసుకుంటుంది.

గ్లోబల్ వేరియబుల్స్ విషయంలో దీని విలువ బాగా తెలుస్తుంది. లిస్ప్ రూపాల్లో ఒకటైన కామన్ లిస్ప్‌లో వాటిని డెఫ్‌వార్‌తో నిర్వచిస్తారు. ఉష్ణోగ్రత, పీడనం, తేమ అనే మూడు కొలతలకూ కనిష్ఠ, గరిష్ఠ హద్దులు కావాలనుకోండి. ఆరు వేరియబుల్స్ అవుతాయి. కొలతలు ముప్ఫై అయితే అరవై. ఒక ఫంక్షన్‌లో లూప్ పెట్టి, పేర్లు అతికించి, విలువలు నింపేద్దామని ఎవరికైనా తోస్తుంది. అక్కడే చిక్కు. ఆ లూప్ తిరిగేది ప్రోగ్రాము నడిచేటప్పుడు. కంపైలర్ అంతకు ముందే ఫైలంతా చదివేసి ఉంటుంది, కాబట్టి ఆ పేర్లు గ్లోబల్ అని దానికి తెలియదు.

దాని ఫలితం చిన్నది కాదు. గ్లోబల్ అని కంపైలర్‌కు తెలిసిన పేరుకు లెట్‌తో తాత్కాలిక విలువ ఇస్తే, లోపల పిలిచిన ఫంక్షన్లన్నిటికీ ఆ కొత్త విలువే కనిపిస్తుంది. పని ముగియగానే పాతది తిరిగి వస్తుంది. తెలియని పేరైతే అదే లెట్ మామూలు స్థానిక వేరియబుల్‌ను సృష్టిస్తుంది, లోపలి ఫంక్షన్లకు పాత విలువే కనిపిస్తుంది. ప్రోగ్రాము ఆగదు, జవాబు మాత్రం తప్పుతుంది. ఇలాంటి తప్పు పట్టుకోవడం చాలా కష్టం.

మాక్రో ఈ చిక్కును మొదట్లోనే తెంపేస్తుంది. (హద్దులు ఉష్ణోగ్రత పీడనం తేమ) అని ఒక్క వరుస రాస్తే చాలు. మాక్రో ఆరు డెఫ్‌వార్‌లను తయారుచేసి, ప్రోగ్‌ఎన్ అనే ఒకే కట్టగా కట్టి ఇస్తుంది. ఫైలు పైస్థాయిలో ఉన్న ప్రోగ్‌ఎన్ లోపలివాటిని కూడా పైస్థాయివిగానే చూడాలన్నది కామన్ లిస్ప్ నియమం. కాబట్టి ఆరు పేర్లూ కంపైలర్ కంట పడతాయి. నాకు ఈ భాషలో అన్నిటికంటే నచ్చిన నియమాల్లో ఇదొకటి. చూడ్డానికి అల్పంగా ఉంటుంది గానీ, అది లేకపోతే ఈ పద్ధతే నిలవదు.

ఒక జాగ్రత్త మాత్రం తప్పదు. అతికించిన అక్షరాలను ఇంటర్న్ అనే ఫంక్షన్ పేరుగా మారుస్తుంది. ఇంగ్లిషు పేర్లను కామన్ లిస్ప్ చదివేటప్పుడే పెద్దక్షరాల్లోకి మార్చుకుంటుంది, ఇంటర్న్ అలా మార్చదు. చిన్నక్షరాలిస్తే చూడ్డానికి అదే అనిపించే వేరే పేరు పుడుతుంది.

ఇలా పేర్లు పుట్టించే మాక్రోను నిత్యం వాడే చోటు ఈమాక్స్ ఎడిటర్. 1985లో రిచర్డ్ స్టాల్‌మన్ విడుదల చేసిన గ్నూ ఈమాక్స్ లోపల ఉన్నదీ ఒక లిస్పే. అందులో డిఫైన్-డిరైవ్డ్-మోడ్ అనే మాక్రోకు కొత్త మోడ్ పేరు చెబితే హుక్, కీమ్యాప్, సింటాక్స్ టేబుల్, అబ్రివియేషన్ టేబుల్ అనే నాలుగు గ్లోబల్ వేరియబుల్స్ ఒక్కసారే పుడతాయి. నాలుగింటికీ మోడ్ పేరే ఇంటిపేరులా ముందుంటుంది. నష్టమూ లేకపోలేదు. ఆ హుక్‌ను ఎక్కడ నిర్వచించారో అని సోర్సులో వెతికితే దొరక్కపోవచ్చు, ఎందుకంటే ఆ పూర్తి పేరును ఎవరూ టైపు చేయలేదు.

మాక్రో తెచ్చిన పేర్లు వాడినవాళ్ల పేర్లతో ఢీకొనే ప్రమాదాన్ని 1986లో కోల్‌బెకర్, ఫ్రీడ్‌మన్, ఫెలైజెన్, డూబా కలిసి రాసిన పత్రం సూటిగా ఎదుర్కొంది. లిస్ప్ కుటుంబానికే చెందిన స్కీమ్ భాష ఆ బాట పట్టింది. అక్కడ పేర్లు అతికించి పుట్టించాలంటే, అవి ఢీకొనకుండా కాపాడే రక్షణను కావాలనే దాటాలి. అలా ఉండటమే మంచిదని నా అభిప్రాయం.

పుట్టిన పేర్లను ఎవరూ కోడ్‌లో స్వయంగా రాయనవసరం లేకపోతే మాక్రో జోలికి వెళ్లకండి, హ్యాష్ టేబుల్ చాలు. రాయవలసి వస్తే మాత్రం మాక్రోనే వాడండి. వాడే ముందు మాక్రోఎక్స్‌పాండ్‌తో అది ఏం తయారుచేసి ఇస్తుందో ఒకసారి కళ్లారా చూసుకోండి.