గోదావరి రేవుల్లో మోటారు పడవ భద్రత: వృత్తిపదాల పరిశీలన

సారాంశం:
గోదావరి డెల్టాలో చిన్న మోటారు పడవను నడపడంలో, రేవుకు చేర్చి కట్టడంలో పాటించవలసిన పద్ధతులను ఈ వ్యాసం వివరిస్తుంది. చుక్కాని, లంగరు, మోకు, పోటు, పాటు వంటి పదాలు సాహిత్యంలో అలంకారాలుగా స్థిరపడినప్పటికీ, వృత్తిలో అవి ప్రాణరక్షణకు సంబంధించిన నియమాలను సూచిస్తాయని తెలియజేయడం దీని ఉద్దేశం.

కీలకపదాలు: గోదావరి, రేవు, చుక్కాని, లంగరు, మోకు, పోటు-పాటు, వృత్తిపదాలు.

1. ప్రవేశిక:
“ఏరు దాటేదాకా ఓడమల్లయ్య, దాటాక బోడిమల్లయ్య” అనే సామెత పడవవాని పట్ల లోకం చూపే కృతఘ్నతను చెబుతుంది. అతని విద్య పట్ల కూడా అదే నిర్లక్ష్యం కనిపిస్తుంది. ధవళేశ్వరం దిగువన గోదావరి గౌతమి, వసిష్ఠ, వైనతేయ మొదలైన పాయలుగా చీలి సముద్రంలో కలుస్తుంది. వంతెనలు వచ్చినా అనేక లంక గ్రామాల రాకపోకలకు పడవే ఆధారం. ఈ పడవలకు మోటారు అమరడంతో వేగం పెరిగింది. అయితే నీటి స్వభావం మారలేదు.

2. ప్రవాహం - అదుపు:
2018 జూలై 14న ఐ.పోలవరం మండలం పశువుల్లంక వద్ద విద్యార్థులున్న పడవ నిర్మాణంలో ఉన్న వంతెన పునాదిని ఢీకొని బోల్తాపడింది. 2019 సెప్టెంబరు 15న దేవీపట్నం మండలం కచ్చులూరు వద్ద పర్యాటక బోటు మునిగి 40 మందికి పైగా మరణించారు. ధవళేశ్వరం వద్ద ప్రవాహం 10 లక్షల క్యూసెక్కులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13 లక్షలకు రెండవది, 17 లక్షలకు మూడవది జారీచేస్తారు. కచ్చులూరు ప్రమాదం నాటి ప్రవాహం మొదటి హెచ్చరిక స్థాయికి చేరలేదు. ఆ హెచ్చరికలు ప్రధానంగా గట్లను, లంకలను దృష్టిలో ఉంచుకొన్నవి. పడవకు వాటిని కొలమానంగా తీసుకోవడం ప్రమాదకరం.

చుక్కాని తన పక్కగా పారే నీటిని మళ్లించడం ద్వారా పడవను తిప్పుతుంది. ఏటివాలుకు ప్రవాహంతో సమానంగా కొట్టుకుపోయే పడవ ఒడ్డునుంచి చూసేవారికి వేగంగా కనిపిస్తుంది. కాని చుక్కాని పక్కన నీటి కదలిక ఉండదు కనుక పడవ మాట వినదు. పడవ వెనుక బిగించే మోటారులో చుక్కాని పనిని కూడా దాని తోపుడే చేస్తుంది. ఇంజను ఆగితే వేగంతోపాటు అదుపూ పోతుంది. అందువల్ల మోటారు ఉన్న పడవలోనూ తెడ్డు, గడ, లంగరు సిద్ధంగా ఉండాలి. ప్రయాణికులందరూ రేవు వదలకముందే లైఫ్ జాకెట్లు ధరించాలి.

3. రేవుకు చేర్చడం:
సాహిత్యంలో ‘ఏటికి ఎదురీదడం’ కష్టానికి, సాహసానికి సంకేతం. రేవు చేరేవేళ మాత్రం పడవకు ఎదురు నీరే క్షేమం. పడవ ముందుభాగాన్ని ప్రవాహానికి ఎదురుగా తిప్పి, ఒడ్డుకు కాస్త ఏటవాలుగా, నెమ్మదిగా రావాలి. అప్పుడు ఒడ్డును బట్టి చూస్తే పడవ దాదాపు నిలిచి ఉన్నా నీరు చుక్కాని పక్కగా పారుతూనే ఉంటుంది కనుక అదుపు తప్పదు. ఏటివాలుగా వచ్చే పడవను ఆపడానికి ఇంజనును వెనక్కి తిప్పవలసి వస్తుంది. ఆ ప్రయత్నంలో పడవ అడ్డం తిరిగే ప్రమాదం ఉంది. ప్రయాణికులు దిగే తొందరలో ఒక్కసారిగా ఒకేపక్కకు లేవడం మరొక ప్రమాదం. పడవను కట్టిన తరువాతనే ఒక్కొక్కరుగా దిగాలి.

4. కట్టడం, విప్పడం:
మొదట ఎగువవైపు, అంటే ముందుభాగపు మోకును ఒడ్డున గుంజకు కట్టాలి. తరువాత వెనుక మోకును బిగించాలి. బయలుదేరేటప్పుడు వరుస తారుమారవుతుంది: వెనుక మోకు ముందు విప్పి, ముందు మోకు చివర వదలాలి. ఒడ్డుకు, పడవకు మధ్య పాత టైర్లు వేలాడదీస్తే ఒరిపిడి తగ్గుతుంది.

సముద్రానికి దగ్గరి రేవుల్లో పోటు, పాటు పడవకట్టును నిర్ణయిస్తాయి. పోటువేళ బిగించి కట్టిన పడవ పాటుకు నీరు దిగగానే మోకుకు వేలాడి ఒరిగిపోవచ్చు. పాటువేళ పొట్టిగా కట్టిన పడవను పోటుకు పెరిగే నీరు ముంచవచ్చు. నీటి హెచ్చుతగ్గులకు సరిపడా మోకు వదలడం ఇందుకు పరిష్కారం.

లంగరు విషయంలోనూ పొడవే ప్రధానం. మోకు పొడవు నీటి లోతుకు కనీసం 5 రెట్లు, గాలి లేదా ప్రవాహం ఎక్కువైతే 7 రెట్లు ఉండాలి. అప్పుడే లాగుడు నేలకు సమాంతరంగా పడి లంగరు కొండి మట్టిలో దిగుతుంది. లంగరు మోకును ఎప్పుడూ ముందుభాగానికే కట్టాలి. మోటారు బరువుతో కిందికి దిగి ఉండే వెనుక భాగానికి కడితే ప్రవాహం ఆ అంచు మీదుగా పడవలోకి చొరబడుతుంది.

5. ముగింపు:
భద్రిరాజు కృష్ణమూర్తి నేతృత్వంలో 1962లో వెలువడిన మాండలిక వృత్తిపదకోశం వ్యవసాయ పదాలను శాస్త్రీయంగా భద్రపరచింది. రేవు పదాలను సేకరించే పరిశోధకులు అర్థంతోపాటు ప్రయోగ సందర్భాన్ని, అంటే ఏ మోకు ఎప్పుడు కడతారో, ఎందుకు కడతారో కూడా నమోదు చేయాలి. ‘మోకు’ అంటే లావుపాటి తాడు అని మాత్రమే రాస్తే పదం మిగులుతుంది. దానితోపాటు ఎంత వదలాలో రాస్తే, ఆ పదంలోని రక్షణ కూడా తరువాతి తరానికి అందుతుంది.