కరెంటు బిల్లు ఎలా తయారవుతుంది? ఒక్క యూనిట్‌కు 233 రూపాయలు ఎందుకు?

 

బడికి వచ్చే తల్లిదండ్రులు నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది. "సార్, పోయినసారి కంటే యాభై యూనిట్లు కూడా ఎక్కువ కాల్చలేదు. దుడ్డు మాత్రం ఐదు వందలకు పైన పెరిగింది. కంప్యూటరు తప్పు చేసిందా?" తప్పు కావచ్చు, కాకపోనూవచ్చు. అది తేల్చుకోవాలంటే మీటరు నుంచి బిల్లు దాకా మధ్యలో ఏం జరుగుతుందో తెలియాలి. ఎనిమిదో తరగతి లెక్కలు వచ్చిన పిల్లలకు ఇది చాలా సులభం.

ఒక ఇంటికి ఒక వరుస

మన తమిళనాడులో ఇండ్లకు రెండు నెలలకొకసారి రీడింగు తీస్తారు. రీడింగు తీసేవారు మీటరులోని అంకెను చూసి నమోదు చేస్తారు. అలా నమోదైనది కంప్యూటరులో ఒక వరుస అవుతుంది. అందులో మన సర్వీసు నంబరు, తేదీ, పాత రీడింగు, కొత్త రీడింగు, మీటరు సరిగా ఉందా ఇంటికి తాళం వేసి ఉందా అనే గుర్తు ఉంటాయి. ఇలాంటి వరుసలు వేలకు వేలు కలిస్తే ఒక ఫైలు. మా హాజరు పట్టీలో ఒక్కో పిల్లవాడికి ఒక్కో వరుస ఉన్నట్టే.

ఫైలు చేరగానే బిల్లు రాదు. ముందు సరిచూడడం జరగాలి. ఫైలులో ఎన్ని వరుసలు ఉండాలో అన్నీ వచ్చాయా? అదే ఫైలు రెండోసారి వచ్చిందా? వస్తే ఒకే వాడకానికి రెండు బిల్లులు పడతాయి. ఆ సర్వీసు నంబరు లెక్కల్లో ఉందా? కొత్త రీడింగు పాతదానికంటే తక్కువగా ఉందా? తక్కువైతే అంకె తప్పు పడి ఉండవచ్చు, మీటరు మార్చి ఉండవచ్చు, లేకపోతే మీటరు 99999 దాటి మళ్లీ సున్నా నుంచి మొదలై ఉండవచ్చు. ఇలాంటి అనుమానపు వరుసలను పారేయకూడదు. వేరే ఫైలులో పక్కన పెట్టి, మనిషి చూసి సరిచేశాక మళ్లీ లెక్కలోకి తేవాలి.

ఇక్కడ ఒక సంగతి గుర్తుంచుకోండి. మార్కులు ఎక్కించేటప్పుడు నూటికి 105 అని కొడితే కంప్యూటరు ఒప్పుకోదు. కానీ 58 బదులు 85 అని కొడితే నోరు మెదపదు. మీటరు విషయమూ అంతే. జరగడానికి వీల్లేని తప్పును మిషను పట్టుకుంటుంది. నిజంలా కనబడే తప్పును ఆ ఇంటివాళ్లే పట్టుకోవాలి.

రేటు కట్టే చోట

సరిచూసిన తరువాత కొత్త రీడింగులో నుంచి పాతది తీసేస్తారు. 12820లో నుంచి 12340 తీస్తే 480 యూనిట్లు. దీనికి స్లాబుల ప్రకారం రేటు కడతారు. 2022 సెప్టెంబరులో వచ్చిన రేట్లతో లెక్క చూద్దాం. తరువాత రేట్లు పెరిగాయి కాబట్టి మీ ఇంటి లెక్కకు ఇప్పటి రేట్లు వేసుకోండి.

రెండు నెలల వాడకం 500 యూనిట్ల లోపు ఉంటే మొదటి 100 ఉచితం. తరువాతి 100కు యూనిట్‌కు 2.25 రూపాయలు, 201 నుంచి 400 వరకు 4.50, 401 నుంచి 500 వరకు 6 రూపాయలు. సరిగ్గా 500 యూనిట్లకు 225, 900, 600 కలిపి 1725 రూపాయలు.

500 దాటితే పట్టికే మారిపోతుంది. మొదటి 100 ఉచితమే, కానీ 101 నుంచి 400 వరకు అంతా 4.50 రూపాయలు. 401 నుంచి 500కు 6, 501 నుంచి 600కు 8. అప్పుడు 501 యూనిట్లకు 1350, 600, 8 కలిపి 1958 రూపాయలు. ఒక్క యూనిట్ పెరిగింది, 233 రూపాయలు పెరిగింది. ఇది కంప్యూటరు తప్పు కాదు. ఆ చివరి యూనిట్‌కు 8 రూపాయలు, రెండో వందకు సగం ధర పోయినందుకు 225 రూపాయలు, అంతే.

తేదీ ఎందుకు ముఖ్యం

రోజుకు 8 యూనిట్లు కాల్చే ఇల్లు ఒకటి అనుకోండి. 60 రోజులకు రీడింగు తీస్తే 480 యూనిట్లు, 1605 రూపాయలు. రెండుసార్లకు 3210. ఏ పండుగో వానో వచ్చి మొదటిసారి 66 రోజులకు, తరువాత 54 రోజులకు తీశారనుకోండి. మొదటి బిల్లు 528 యూనిట్లకు 2174, రెండోది 432 యూనిట్లకు 1317, మొత్తం 3491. వాడింది అదే 960 యూనిట్లు. రోజుల తేడాను లెక్కలో సర్దకపోతే 281 రూపాయలు ఎక్కువ కట్టాలి. కూలికి పోయే ఇంట్లో అది చిన్న దుడ్డు కాదు.

ఫోనుకూ ఇదే పద్ధతి. మనం మాట్లాడిన ప్రతి కాలుకూ ఎవరి నుంచి ఎవరికి, ఎప్పుడు మొదలైంది, ఎన్ని సెకన్లు అని ఒక వరుస పుడుతుంది. నిమిషం లెక్క ప్లానులో 61 సెకన్లు మాట్లాడితే రెండు నిమిషాలు కట్టాలి. వరుస సరిగా ఉన్నా రేటు పట్టికను బట్టి దుడ్డు మారుతుంది.

ఇంట్లో చేయవలసిన పని

1. రీడింగు తీసిన రోజే పిల్లలు మీటరులోని అంకెనూ తేదీనూ నోటుబుక్కులో రాయాలి. వీలైతే ఫోనులో ఫోటో తీయాలి.

2. బిల్లు రాగానే సర్వీసు నంబరు మనదేనా, పాత రీడింగు పోయినసారి కొత్త రీడింగుతో సరిపోయిందా చూడాలి.

3. రెండు రీడింగుల మధ్య ఎన్ని రోజులో లెక్కపెట్టాలి.

4. స్లాబుల ప్రకారం మన చేత్తో ఒకసారి లెక్క కట్టాలి.

తేడా కనబడితే ఆ నోటుబుక్కూ ఫోటో తీసుకొని కరెంటు ఆఫీసుకు పోయి మర్యాదగా రాతమూలకంగా అడగండి. "ఎక్కువ వచ్చింది సార్" అంటే ఎవరూ ఏమీ చేయలేరు. "ఫలానా తేదీన మీటరులో ఈ అంకె ఉంది, బిల్లులో ఈ అంకె ఉంది" అంటే వాళ్లు ఆ ఒక్క వరుసను తీసి చూడగలరు.

లెక్క కుదరకపోతే బిల్లు తీసుకొని బడికి రండి. మా ఎనిమిదో తరగతి పిల్లలే బోర్డుమీద వేసి చూపిస్తారు.

ప్రధానోపాధ్యాయుడు