వార్తల్లో పదం: డిస్ట్రిక్ట్ కూలింగ్

ఇంటింటికీ ఏసీ బిగించే బదులు, ఒకే ప్లాంటులో నీటిని చల్లబరిచి, భూగర్భ పైపుల ద్వారా అనేక భవనాలకు పంపే విధానమే డిస్ట్రిక్ట్ కూలింగ్. సుమారు 5, 6 డిగ్రీల నీరు భవనంలోని వేడిని తీసుకుని తిరిగి ప్లాంటుకు చేరుతుంది. రాత్రి చల్లబరిచిన నీటినో, మంచునో నిల్వచేసి మధ్యాహ్నం వాడితే, గ్రిడ్‌పై భారం ఎక్కువగా ఉండే వేళ కరెంటు ఆదా అవుతుంది. చలి దేశాల్లో ఇదే తరహాలో వేడినీరు పంపుతారు.

గుజరాత్‌లోని గిఫ్ట్ సిటీలో ఈ వ్యవస్థ ఇప్పటికే నడుస్తోంది. అమరావతిలో ప్రభుత్వ భవనాల కోసం 2019 ఫిబ్రవరిలో అబుదాబి సంస్థ టబ్రీడ్‌తో రాజధాని ప్రాంత అభివృద్ధి సంస్థ (సీఆర్‌డీఏ) 30 ఏళ్ల ఒప్పందం చేసుకుంది. సామర్థ్యం 20,000 టన్నులు. ఇక్కడ టన్ను అంటే సుమారు 3.5 కిలోవాట్ల శీతలీకరణ. అదే ఏడాది ప్రభుత్వం మారాక రాజధాని పనులు ఆగాయి. 2024లో మళ్లీ ఊపందుకున్నాయి. 2019 మార్చి నాటి జాతీయ కూలింగ్ కార్యాచరణ ప్రణాళిక కూడా ఈ విధానాన్ని ప్రోత్సహించింది.

మరి తెనాలి, బాపట్ల, రేపల్లె వంటి పట్టణాల మాటేమిటి? పైపుల ఖర్చు గిట్టాలంటే భవనాలు దగ్గరదగ్గరగా, వాడకం నిలకడగా ఉండాలి. కాబట్టి ఊరంతటికీ కాకుండా, బాపట్ల కాలేజీల ప్రాంగణాలు, తెనాలి ఆస్పత్రుల వీధులు, రేపల్లె దగ్గర నిజాంపట్నం హార్బరు వంటి చోట్ల ముందుగా పరిశీలించాలి. కొత్త లేఅవుట్లలో రోడ్డు వేయకముందే పైపులకు చోటు వదలాలి. వేసిన రోడ్డును తవ్వడం కన్నా అదే చవక.